పసుపు పిన్ను

టీవీ వెనక ఇంత దుమ్ము ఉంటుందని ముందే తెలిస్తే ఈ తెల్లచొక్కా వేసుకునేవాణ్ణి కాదు. పొద్దున చర్చికి వెళ్ళేముందు మరియరాణి ఆంటీ ఇస్త్రీ చేసి నా కుర్చీకి తగిలించి వెళ్ళింది, ఇవాళ నలుగురూ వస్తారు నాన్నా, మంచిది వేసుకో అంటూ, ఇప్పుడు చూస్తే మోచేతుల దగ్గర నల్లగా అయిపోయింది, అసలు తెల్లబట్ట నాకు అచ్చిరాదు, ఆ సంగతి ఇప్పుడు తలుచుకోకూడదు, ఇప్పుడు వైరు సంగతి చూడాలి. గోడకీ టీవీకీ మధ్య సందులో మోకాళ్ళు మడుచుకుని కూర్చున్నాను. ఇంత లావు టీవీని గోడ దగ్గర్నుంచి జరపడానికి ఆంటీ వాళ్ళాయన శౌరయ్య అంకుల్, నేను ఇద్దరం పట్టాల్సి వచ్చింది. ఇక్కణ్ణుంచి హాలు ఒక చీలిక మాత్రమే కనిపిస్తుంది. శౌరయ్య అంకుల్ పాదాలు, ఒకచోట కుదురుగా ఉండని క్లారా ఆంటీ పాదం, వాళ్ళాయన స్టీవ్ అంకుల్ నల్ల సాక్సులు, సోఫా చివర మరియరాణి ఆంటీ బూడిదరంగు చీర కుచ్చెళ్ళు. అందరి కాళ్ళూ కదులుతున్నాయి, ఆ కుచ్చెళ్ళు మాత్రం కదలడం లేదు. "ఏమయ్యా ఇంజనీరూ, ఎందాకా వచ్చింది?" అని అంకుల్ అడుగుతున్నాడు. "అయిపోయింది అంకుల్, టూ మినిట్స్" అంటున్నాను నేను. ఈ మాట ఇప్పటికి చాలాసార్లు అన్నాను. అన్న ప్రతిసారీ చెవులు వేడెక్కుతున్నాయి, నయం, నా చెవులు ఎవరికీ కనిపించడం లేదు.

ప్లేయర్‌లో తిరుగుతున్న డిస్కులో మరియరాణి ఆంటీ వాళ్ళమ్మ ఉంది. ఉంది అనకూడదు, ఆవిడ భూస్థాపన ఉంది. మా నరసరావుపేటలో పెళ్ళికి వీడియో తీయిస్తారు, ఓణీల ఫంక్షన్‌కి తీయిస్తారు, కానీ సమాధి చేసేటప్పుడు కూడా కెమెరా పెట్టించి, డిస్కు మీద పోయినవాళ్ళ ఫొటో, చుట్టూ గులాబీపూలు అచ్చువేయించి, రాలేకపోయిన పిల్లలకి పంపుతారని, ఆస్ట్రేలియా వచ్చి గిరావీన్‌లో ఈ ఇంట్లో గది తీసుకున్నాకే నాకు తెలిసింది. ఆంటీ వాళ్ళది ఫిరంగిపురం. కబురు వచ్చిన రోజు ఆంటీ ఏజ్డ్ కేర్‌లో ముసలివాళ్ళని చూసుకునే డ్యూటీలో ఉంది, నడవలేని ఒక తెల్ల ముసలావిడకి స్నానం చేయిస్తోంది, ఫోను లాకర్‌లో ఉంది. అక్కడ మే నెల ఎండలు, ఉంచలేమన్నారు, ఇక్కడ టికెట్ దొరికేలోగా అక్కడ మట్టి కూడా అయిపోయింది. ఆ తర్వాత ఎవరో స్టూడెంట్ సూట్‌కేసులో ఆవకాయ పొట్లాల మధ్య ఈ డిస్కు వచ్చింది. ఆంటీ దాన్ని షోకేసులో మరియమాత బొమ్మ పక్కన పెట్టింది. రోజూ దుమ్ము తుడిచేది, మళ్ళీ అక్కడే పెట్టేది. చూశారా అని ఎవరైనా అడిగితే, "ఎట్టా చూసేది, మాకు ప్లేయర్ లేదుగా" అనేది. ఆ మాట విని విని అంకుల్‌కి బాధేసింది. నిన్న వెళ్ళి ప్లేయర్ కొనుక్కొచ్చేశాడు. ఇవాళ సండే ఆర్వో, అంటే మధ్యాహ్నం పూట, ఇంట్లో జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టుకుందామని క్వేకర్స్ హిల్ నుంచి క్లారా ఆంటీ వాళ్ళని కూడా పిలిచేశాడు. ప్రార్థన అయింది, టీలు అయినాయి, ఇక డిస్కు పెట్టడమే తరువాయి అనుకునేసరికి స్టీవ్ అంకుల్ లేచాడు, "వైర్లే కదా, నేను చూస్తా" అంటూ. ఆయన ఆఫీసులో కంప్యూటర్లన్నీ ఆయన చేతిమీదుగానే నడుస్తాయట. మరియరాణి ఆంటీ చెయ్యి అడ్డం పెట్టింది. "మీరు కూచోండన్నయ్యా. ఇంట్లో ఇంజనీరు ఉండగా మీకెందుకు శ్రమ? మా మల్లి పెడతాడు" అంది. మల్లికార్జున అనే నా పేరు ఆంటీ నోట్లో ఎప్పుడో మల్లి అయిపోయింది. నలుగురిలో అంత నమ్మకంగా చెప్పింది. రాదని అప్పుడే అనొచ్చు. అనలేకపోయాను.

ఇదీ ఇక్కడి పరిస్థితి: టీవీకి వెనక ఒకటే ఒక గుండ్రటి కన్నం ఉంది, యాంటెనా తీగ పెట్టేది. నా చేతిలో వైరుకేమో మూడు పిన్నులు, ఎరుపు, తెలుపు, పసుపు. మూడింటిని ఒకదాన్లో ఎలా పెట్టేది? చేత్తో తడిమి చూశాను, ఇంకెక్కడైనా మూత వెనక దాక్కుని ఉన్నాయేమోనని గోరుతో గీకి చూశాను, ఏమీ లేదు. ఈ టీవీ చేసిన రోజుల్లో డీవీడీలు పుట్టి ఉండవు. పాతసామాన్లు ఎత్తుకుపోయే కౌన్సిల్ క్లీనప్ వచ్చినప్పుడల్లా దీన్ని రోడ్డు పక్కన పెట్టేద్దామంటాడు అంకుల్. ఆంటీ ఒప్పుకోదు, వచ్చిన కొత్తలో దీని ముందు కూర్చునే ఇంగ్లీషు నేర్చుకున్నానంటుంది. ఆలోచించు మల్లీ, నువ్వు ఈసీఈ, ఎలక్ట్రానిక్స్, నీ పట్టా ఫొటో స్టూడియోలో ఫ్రేము కట్టించి నాన్న ముందుగదిలో తగిలించాడు. మా వీధిలో ఈసీఈ అంటే అందరికీ తెలిసింది ఒక్కటే, టీవీలు బాగుచేసే చదువని. రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు భ్రమరాంబ పిన్ని వాళ్ళ టీవీలో గీతలు పడుతున్నాయని నన్ను పిలిచారు. వెనక మూత కూడా విప్పకుండా కాసేపు గంభీరంగా చూసి, ఏం చెయ్యాలో తోచక నెత్తిన ఒక్కటి చరిచాను. గీతలు పోయాయి. పిన్ని వీధంతా చెప్పింది, చదువుకున్నవాడి చెయ్యి పడితే చాలంటూ, డబ్బానిండా సున్నుండలు ఇచ్చి పంపింది. ఆ చరుపుతోనే నేను ఇంజనీరునయ్యాను. చదివిన నాలుగేళ్ళూ గైడ్లు బట్టీపట్టి గట్టెక్కాను. ఇప్పుడు ఈ టీవీని కూడా ఒకటి చరిస్తేనో అనిపించింది. చెయ్యి ఎత్తాను కూడా. పక్కనే గోడకి మరియమాత పటం, ఆవిడ నన్నే చూస్తున్నట్టుంటే దించేశాను.

"కావాలంటే ఐ కెన్ హ్యావ్ ఎ లుక్" అంటున్నాడు స్టీవ్ అంకుల్. "వద్దన్నయ్యా, వాడు చూస్తున్నాడుగా" అంటోంది ఆంటీ, నిదానంగా, తొందర లేదన్నట్టు. ఎంత మంచిది ఈవిడ. ఎంత మంచిదైతే నాకు అంత నరకం. ఈవిడ నన్ను ఇంజనీరు అన్నప్పుడల్లా నా మంచం కింద ఉన్న గుడ్డసంచీ గుర్తొస్తుంది, అందులో చుట్టచుట్టి పెట్టిన కత్తులు గుర్తొస్తాయి. ఇక్కడి యూనివర్సిటీలో మొదటి సెమిస్టర్‌కే నేను చతికిలబడ్డాను. లెక్చరర్ చెప్పేది అర్థమయ్యేది కాదు, గైడ్లు ఇక్కడ దొరికేవి కావు. అప్పుడే పారమట్టాలో ఏజెంట్ ఒకాయన కుర్చీ ముందుకి జరిపి చెప్పాడు, టెలికమ్‌ది ఎవడిక్కావాలి బాస్, పీఆర్ లిస్టులో కుకరీ ఉంది, అది చదివితే ఇక్కడే ఉండిపోవచ్చు, మారిపో, అందరూ మారుతున్నారు. మారిపోయాను. ఒక బట్టల కొట్టు పైన మా కాలేజీ, మెట్లెక్కుతుంటేనే వేయించిన వెల్లుల్లి వాసన. ఇంజనీరింగ్ చదివి గరిటె పట్టాడంటే మా ఊళ్ళో ఎలా ఉంటుందో నాకు తెలుసు, పెళ్ళిళ్ళలో గాడిపొయ్యి దగ్గర నిలబడేవాళ్ళని మావాళ్ళు ఏమని పిలుస్తారో, ఎలా పిలుస్తారో నాకు తెలుసు, నేనూ అలాగే పిలిచినవాణ్ణే. నాన్న హైస్కూల్లో సైన్సు మాస్టారు. ఆదివారం ఫోను చేస్తాడు. ఈ వారం ల్యాబ్‌లో ఏం చేశావురా అని అడుగుతాడు, సైన్సు మాస్టారు కాబట్టి ఊరికే వదలడు. సిగ్నల్స్ నాన్నా అంటాను. ఆ వారం నేను చేసింది వెన్నా మైదా కలిపి తెల్ల సాసు, ఉండకట్టకుండా. వెనకనించి అమ్మ, తిన్నాడో లేదో ముందు అది అడగండి అంటుంది. అమ్మ ప్రశ్నకి మాత్రం నిజమే చెబుతాను.

ల్యాబ్. ఆ మాట నాకు చాలా పనికొచ్చింది. ఒక శనివారం పెరట్లో బట్టలు ఆరేస్తూ మరియరాణి ఆంటీ నా తెల్లకోటు పట్టుకుని నిలబడింది, రెండు వరసల గుండీలది, మెడ మూసుకుపోయేది. ఇదేంది నాన్నా అంది. ల్యాబ్ కోటు ఆంటీ అన్నాను. నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో. ఆంటీ దాన్ని భుజాల దగ్గర దులిపి, "డాక్టర్లాగా ఉంటావు ఇందులో" అంది, ఆ తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని, "మీ ల్యాబులో వెన్నవాసన వచ్చుద్దేంది?" అంది. కెమికల్స్ ఆంటీ అన్నాను. ఆవిడ సరేనని క్లిప్పులు పెట్టేసింది. అప్పట్నుంచి నేను వద్దన్నా వినకుండా ఆ కోటు ఆవిడే ఉతుకుతుంది, పసుపు మరక పడితే ఎండలో నిమ్మకాయ రుద్దుతుంది, డాక్టర్లాంటి కోటు మాసిపోకూడదంటుంది. అబద్ధానికి ఇస్త్రీ చేసి మరీ చేతికిస్తుంటే వేసుకుని పోతున్నవాణ్ణి నేను. ఇంకా సిగ్గుపడాల్సింది వేరే ఉంది, ఎవరికీ చెప్పనిది. ఆ పని నాకు నచ్చింది. గ్రీకాయన మా చెఫ్, అందరిమీదా అరుస్తాడు, ఒకరోజు నా వెనక నిలబడి నా కత్తి కింద క్యారెట్ ముక్కలు చూసి, గుడ్ హ్యాండ్స్ మేట్ అన్నాడు. నా బతుకులో నేను నిజంగా సంపాదించుకున్న మెప్పు అదొక్కటే. రైల్లో వస్తున్నంతసేపూ అది నాన్నకి చెప్పాలనిపించింది. ఫోను తీశాను, చేశాను, నాన్న ఎత్తాడు, సిగ్నల్స్ నాన్నా అన్నాను.

ఇక్కడ కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. హీటర్ అటువైపు ఉంది, ఇటువైపు గోడ చల్లగా వీపుకి తగులుతోంది, పక్కింటాయన గడ్డికోసే మిషను మోగుతోంది. క్లారా ఆంటీ అడుగుతోంది, "మల్లీ, నువ్వు యూనిలో ఇవేగా చదివేది? మా పిల్లలకి ట్యూషన్ చెప్పొచ్చుగా!" అందరూ నవ్వారు. నేనూ టీవీ వెనకనించి నవ్వాను, వినబడేలా. నవ్వుతూనే యాంటెనా కన్నంలో ఉన్న తీగని పట్టుకుని అది ఎక్కడికి పోతోందో వేళ్ళతో వెంబడించాను. ఊరికే, చేతులకి ఏదో ఒక పని ఉండాలని. ఆ తీగ గోడకి పోలేదు. కిందికి దిగి, టీవీ స్టాండు కింది అరలో ఉన్న పాత వీసీఆర్‌లోకి పోయింది. ఎవరూ వాడని వీసీఆర్, పైన ప్లాస్టిక్ పూలగుత్తి పెట్టారు. దాని వెనక చెయ్యి పెడితే కన్నాలు తగిలాయి, చిన్నవి, గుండ్రటివి. చొక్కా చేతితో తుడిచాను, ఎలాగూ పాడైపోయిందిగా. దుమ్ము కింద పసుపు ఉంది. తెలుపు ఉంది. పైవరసకి ఇన్ అని, కిందివరసకి అవుట్ అని.

అప్పుడు తట్టింది. మాడ్యులేషన్. పదహారు మార్కుల ప్రశ్న, మూడో సంవత్సరంలో తప్పకుండా వచ్చేది, బొమ్మతో సహా కళ్ళు మూసుకుని రాసేవాణ్ణి. ఒక బలమైన అల ఉంటుంది, దాని మీద బొమ్మనీ మాటనీ ఎక్కించి పంపాలి, అంతే సంగతి, ఈ వీసీఆర్ చేసేది అదే, పసుపులోంచి బొమ్మ తీసుకుంటుంది, తెలుపులోంచి మాట తీసుకుంటుంది, రెండింటినీ ఒక అల మీద ఎక్కించి ఆ ఒక్క యాంటెనా కన్నంలోంచి లోపలికి తోస్తుంది, టీవీ అదేదో స్టేషను నుంచి గాలిలో వచ్చిందనుకుంటుంది. నేను రాసిన బొమ్మలో బాణాలు ఇందుకే ఉన్నాయి! పట్టా చేతికొచ్చినప్పుడు అర్థం కాలేదు, ఫ్రేము కట్టినప్పుడు అర్థం కాలేదు, ఇదిగో ఇప్పుడు, కుకరీలో చేరాక, గిరావీన్‌లో ఒక గోడసందులో దుమ్ములో కూర్చుంటే అర్థమైంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ ఒంట్లోకి ఏదో వచ్చింది, చాలారోజులుగా లేనిది. నేను పెట్టగలను. చరుపు కాదు, గైడు కాదు, తెలిసే పెట్టగలను. "అంకుల్, వీసీఆర్ ఆన్ చేయండి, ఏవీ అని ఉన్న బటన్ నొక్కండి, టీవీలో వీసీఆర్ ఛానల్ పెట్టండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఆర్డర్లు వేస్తన్నాడయ్యా మావాడు!" అంటూ అంకుల్ లేచాడు. ఎరుపుని వదిలేశాను, దానికి ఇక్కడ చోటు లేదు. ముందు తెలుపు పిన్ను దొరికింది, ఇన్‌లో పెట్టాను.

గంట మోగింది. హాల్లో కాదు, ఫిరంగిపురంలో. ఒక్కొక్క దెబ్బా విడివిడిగా, మధ్యలో చాలాసేపు ఆగుతూ, పోయినవాళ్ళకి కొట్టే గంట. క్లారా ఆంటీ పాదం ఆగిపోయింది. గంట వెనక ఆడవాళ్ళ ఏడుపు, ఉపదేశి ప్రార్థన చదువుతున్న గొంతు, ఎక్కడో మోటారుసైకిలు, కాకులు, ఎండ కూడా వినబడుతున్నట్టే ఉంది. మైకు కెమెరా మీదే ఉంటుంది కాబట్టి కెమెరా పక్కన గుసగుసలాడే వాళ్ళ మాటలు అందరికంటే స్పష్టంగా వచ్చాయి. "పెద్దమ్మాయి రాలేదా?" అని ఒకావిడ. "యాడొస్తది, ఆస్ట్రేలియా నించి రావాలంటే మాటలా" అని ఇంకొకావిడ. "వీడియో తీయిస్తన్నారుగా. అందులో చూసుకుంటదిలే." ఆ తర్వాత మగగొంతు, వీడియో అతనిదే అయ్యుంటుంది, "అమ్మా, కాస్త జరగండి, మొహం పడట్లా. ఆ దండ పక్కకి తీయండి, పెద్దమ్మాయిగారు చూడాలి."

బూడిదరంగు కుచ్చెళ్ళు ఒక్కసారి కదిలి ఆగాయి. నా చేతిలో పసుపు పిన్ను ఉంది, దాని కన్నం ఎక్కడుందో నాకు తెలుసు, తెలుపు పక్కనే, గోరు దూరంలో. మరియరాణి ఆంటీ అంది, "చాల్లే మల్లీ. మాటలు వినబడుతున్నయ్‌గా. ఇక వచ్చెయ్ నాన్నా." గొంతు మామూలుగానే ఉంది, అన్నం తినడానికి పిలిచినట్టే ఉంది, ఆ మామూలుతనం నేను వినాల్సింది. వినలేదు. నాకు వినబడింది ఇది: పాపం, వీడి వల్ల కాదు, నలుగురిలో వీడి పరువు పోకుండా నేనే సర్దేస్తాను. జాలిపడింది, ఇంతసేపూ మా మల్లి మా మల్లి అన్న మనిషి చివరికి ఆశ వదిలేసుకుంది అనుకున్నాను. అంకుల్ కూడా, "అదేంది, మొహం చూడకుండా ఎట్టా?" అన్నాడు. స్టీవ్ అంకుల్ సాక్సులు లేవడానికి సిద్ధమైనట్టు నేలమీద ఆనాయి. ఆయన లేస్తే అయిపోయింది, ఆయన వచ్చి ఒంగి ఒక్కసారి చూసి పెట్టేస్తాడు, నాకు తెలిసిందని ఎవరికీ తెలియదు. "వచ్చేసింది అంకుల్, వచ్చేసింది" అని అరిచాను. పిన్ను లోపలికి తోశాను. కన్నం పాతది, వదులుగా ఉంది, పిన్ను గట్టిగా కూర్చోలేదు, టేపు చుట్టాలి, తర్వాత చుట్టచ్చు. ఎదురుగోడ మీద వెలుగు మారింది.

"అదిగో! వచ్చింది!" క్లారా ఆంటీ. "ప్రభువా, ఎంత ప్రశాంతంగా ఉందో అమ్మమ్మ, నిద్దరపోయినట్టే." "పిక్చర్ వెరీ క్లియర్" స్టీవ్ అంకుల్. "ఇంజనీరనిపించావయ్యా!" శౌరయ్య అంకుల్. నేను మోకాళ్ళ మీద పాకుతూ బయటికి వచ్చాను, అంకుల్ నా వీపు తట్టాడు, దుమ్ము లేచింది, నేను నవ్వుతున్నాను, పెదాలు వాటంతట అవే నవ్వుతున్నాయి, తెర వైపు చూడలేదు, ముందు ఆంటీ మొహం చూడాలనుకున్నాను, ఆవిడ నన్ను మెచ్చుకునే మొహం. ఆంటీ తెరని చూడడం లేదు. హీటర్‌ని చూస్తోంది. చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తలెత్తి నన్ను చూసింది. కోపం కాదు. కోపమైతే బాగుండేది. ఏదో చేతిలోంచి జారి పగిలినప్పుడు, పగలగొట్టింది చిన్నపిల్లాడైతే చూస్తామే, అలా చూసింది. "పెరుగుచట్నీ కలపలేదు" అంటూ లేచి తెర పక్కనుంచి తల దించుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. "మరియా, ఇటురా, దగ్గర కూచుని చూడు!" అని క్లారా ఆంటీ పిలుస్తూనే ఉంది. నా పెదాలు ఇంకా నవ్వుతున్నాయి. వాటిని మూయడానికి నాకు కాస్త సమయం పట్టింది.

వంటింట్లో ఆంటీ సింకు వైపు తిరిగి నిలబడింది. కుళాయి తిప్పలేదు. నేను గుమ్మం దగ్గర ఆగాను, చేతులు కడుక్కోవాలి అన్నట్టు చేతులు ముందుకి పెట్టాను. ఆంటీ వెనక్కి తిరగకుండానే అంది, "స్టీవ్ అన్నయ్య ముట్టుకుంటే క్షణంలో వచ్చేది. అందుకే ఆయన్ని వద్దన్నా."

అర్థం కాలేదు.

"నీకు రాదని తెలిసే నీకు చెప్పా నాన్నా. కాసేపు తంటాలు పడతావు, రాలేదంటావు, ఇవాళ్టికి గడిచిపోద్ది అనుకున్నా." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మా ఏజ్డ్ కేర్ కిచెన్‌లో చెఫ్ ఏసుకునేది కూడా అదే కోటు. రెండు వరసల గుండీలు. మొదటిరోజు ఉతికినప్పుడే తెలిసింది నాకు. చెప్పేవాడివైతే నువ్వే చెబుతావులే అని ఊరుకున్నా."

నేల చీలితే దిగిపోయేవాణ్ణి. పసుపు మరకల మీద నిమ్మకాయ రుద్దిన చేతులు అవి, కెమికల్స్ ఆంటీ అంటే సరేనన్న చేతులు. ఇన్నాళ్ళూ నేను ఆవిణ్ణి మోసం చేస్తున్నాననుకున్నాను. ఆవిడ నా అబద్ధాన్ని ఉతికి ఆరేసి మడతపెట్టి దాచింది, ఇవాళ ఒక్కసారి, ఒకే ఒక్కసారి నా చేతకానితనం ఆవిడకి అవసరమైంది, ఆ పూటే నేను చేతనైనవాణ్ణయ్యాను. బట్టీపట్టిన చదువంతా ఇవాళే గుర్తుకు రావాలా. పిన్ను పట్టుకున్నప్పుడు నేను ఒక్కసారైనా ఆవిడ గురించి అనుకున్నానా? చాల్లే అంది. ఇక వచ్చెయ్ అంది. అంతకంటే ఎలా చెబుతుంది, ఇంటినిండా జనం ఉండగా. హాల్లో మా నాన్న తట్టాల్సిన వీపుని శౌరయ్య అంకుల్ తట్టాడు, దానికోసం ఈవిడ తల్లిని శవపెట్టెలో పెట్టి చూపించాను.

"నాకు వినాలనే ఉంది మల్లీ" అంటోంది ఆంటీ. "మా ఊరి గంట వినాలని ఉంది, మా వాళ్ళ మాటలు వినాలని ఉంది. తిట్టినా వింటా. చూడటమే... నేను ఇక్కడికి వచ్చేటప్పుడు అమ్మ బస్సు దాకా వచ్చింది. చెంగుతో మొహం తుడుచుకుంటా, రెండోచేత్తో ఊపింది. అదే ఉంది నాకు. పెట్టెలో చూశాక ఇంకది ఉండదు, పోద్ది."

"చూశారా ఆంటీ?" అన్నాను.

"దండ దాకా చూశా. తల దించేసుకున్నా."

దండ దాకానే. నేను చేతులు కడుక్కున్నాను, మోచేతుల దాకా, కాలేజీలో నేర్పినట్టు. ఆంటీ గట్టుమీద ఉన్న కీరాల గిన్నె నా వైపు జరిపింది, సొరుగు తీసి కత్తి ఇచ్చింది. కొయ్యడం మొదలుపెట్టాను. వేళ్ళు లోపలికి మడిచి, కత్తి మొన గట్టుమీంచి లేవకుండా. ఈ ఇంట్లో ఎవరి ముందూ నేను ఇలా కొయ్యలేదు, ఎప్పుడు సాయం చేసినా కావాలని వంకరటింకరగా కోసేవాణ్ణి, ఇంజనీరు కోసినట్టు. ముక్కలు ఒక్కటే సైజులో పడుతున్నాయి. ఆంటీ ఆ ముక్కల్నే చూస్తోంది. "ఏ ల్యాబులో నేర్పార్రా ఇది" అంది, నవ్వు రాలేదు గానీ నవ్వు వచ్చే చోటుకి గొంతు వచ్చింది. "కాలేజీలో ఆంటీ. పారమట్టాలో. వంట కాలేజీ" అన్నాను. ఇంత చిన్న నిజం చెప్పడానికి నాకు చెమట పట్టింది. హాల్లోంచి క్లారా ఆంటీ మళ్ళీ, "మరియా! మట్టి వేస్తున్నారు, రా!" అంది. ఆంటీ గట్టు అంచు పట్టుకుంది. ఎంతసేపని వంటింట్లో ఉంటుంది, సొంత తల్లి సమాధికి, ఎవరైనా ఏమనుకుంటారు. చెయ్యి తుడుచుకుని, కొంగు సర్దుకుని, వెళ్ళడానికి ఒక అడుగు వేసింది.

"అరే!" అని హాల్లో అందరూ ఒక్కసారే అన్నారు. "మల్లీ, బొమ్మ పోయిందయ్యా! మాటలే వస్తన్నయ్! రావయ్యా ఇంజనీరూ!" శౌరయ్య అంకుల్. టేపు చుట్టని పసుపు పిన్ను. "ఏదో లూజ్ అయినట్టుంది, నేను చూస్తానుండు" అని స్టీవ్ అంకుల్ లేస్తున్న చప్పుడు. ఆంటీ అక్కడే ఆగిపోయి నా వైపు చూసింది.

"ముట్టుకోకండి అంకుల్!" అని అరిచాను, కత్తి చేతిలో ఉండగానే. "పాత టీవీ అది, హై వోల్టేజ్ ఉంటుంది, షాక్ కొడుతుంది. ఎవరూ దగ్గరికి వెళ్ళొద్దు. నేనొచ్చి చూస్తా, టూ మినిట్స్!"

హాల్లో సోఫా మళ్ళీ కిర్రుమంది, స్టీవ్ అంకుల్ కూర్చున్నాడు. "వాడు చెప్పాడంటే నిజమేలే, వాడి సబ్జెక్టు అది" అంటున్నాడు శౌరయ్య అంకుల్. అక్కడ గంట మళ్ళీ మోగింది. మరియరాణి ఆంటీ హాల్లోకి వెళ్ళింది, సోఫాలో తన చోట కూర్చుంది, ఇక్కణ్ణుంచి నాకు తెలుస్తోంది, తల ఎత్తే కూర్చుంది. నేను ఇంకో కీరా తీసుకుని తొక్క తీయడం మొదలుపెట్టాను, చాలా నిదానంగా.